ఒక్క స్పీకరు రేడియో

మురారికి ఒకటే వెలితి. తను చేసిన పని ఎంత గొప్పదో ఆశ్రమంలో ఒక్కరూ గుర్తించలేదు.

సముద్రం ఒడ్డునున్న ఆ ఆశ్రమానికి చిన్న ఎఫ్.ఎం. స్టేషను ఉంది. చుట్టుపక్కల పల్లెల వాళ్ళే మాట్లాడతారు, పాడతారు, వాళ్ళే వింటారు. స్టీరియో సంకేతం తయారుచేసే పెట్టె ఉప్పుగాలికి తుప్పుపట్టి మూలపడితే, మురారి పట్టుబట్టి ఒక ప్రోగ్రాం రాశాడు. పాత కంప్యూటర్లోని సౌండ్ కార్డు చేతనే ఆ పనంతా చేయించాడు. కుడి ఎడమలు వేరువేరుగా, తేటగా వచ్చాయి. అదేం మామూలు విషయం కాదు.

గురువు పూర్ణబోధస్వామి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విని, "బాగుంది నాయనా" అన్నారు. మురారికి ఆ ఒక్క మాట చాలలేదు.

సూరాడ లచ్చయ్య అనే ముసలి జాలరి ఒకరోజు వచ్చి, వల లాగేటప్పుడు పాడే పాట రికార్డు చేయించుకుని వెళ్ళాడు. పక్కన అతని మేనల్లుడు డప్పు కొట్టాడు. ఈసారి అందరూ నోరు తెరవాల్సిందే అనుకున్నాడు మురారి. లచ్చయ్య గొంతును ఎడమ చెవికి ఉన్నదున్నట్టుగా, కుడి చెవికి ఆ ధ్వని తరంగాన్నే తలకిందులు చేసి పంపాడు. హెడ్‌ఫోన్స్‌లో ఆ గొంతు గది దాటి ఎటో పరుచుకున్నట్టు వినిపించింది. ఆదివారం సాయంత్రం పాట ప్రసారమైంది.

సోమవారం పొద్దున్నే లచ్చయ్య వచ్చాడు. ముందురోజు కట్టిన కొత్త పంచె ఇంకా మార్చలేదు.

"నా గొంతు తీసేసి డప్పొక్కటే ఏసినారేటి బాబూ? ఈదిలో అందర్నీ పిలిసి రేడియో సుట్టూ కూకోబెట్టినాను. నవ్వుకుంటా ఎల్లిపోనారు. బాగోకపోతే నాతోటే సెప్పీయొచ్చు కదా."

"గొంతు లేకపోవడమేంటి తాతా! మీ రేడియో పాడైపోయుంటుంది. మంచిది కొనుక్కోండి," అన్నాడు మురారి, తల తిప్పకుండానే.

లచ్చయ్య వెనుదిరిగి వెళ్ళిపోయాడు.

వసారాలో ఉన్న స్వామి అంతా విన్నారు. వంటింట్లోకి వెళ్ళి, అక్కడుండే ఒక్క స్పీకరు రేడియో తెచ్చి మురారి ముందు పెట్టారు.

"ఆ పాట వెయ్యి."

వేశాడు. రేడియోలో డప్పు మోగింది. గొంతు లేదు. మురారి గబగబా హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాడు. గొంతు ఉంది. తీశాడు. లేదు. డప్పు ఆగినచోటల్లా ఉత్త నిశ్శబ్దం.

ఒక్క స్పీకరు రేడియో రెండు చెవుల ధ్వనినీ కలిపేస్తుంది. ఉన్నదీ, దాన్నే తలకిందులు చేసినదీ కలిస్తే రెండూ పోతాయి. ఈ సంగతి మురారికి కాలేజీ రోజుల్నుంచీ తెలుసు. పల్లెలో ఉన్నవన్నీ ఇలాంటి రేడియోలేనని కూడా తెలుసు.

ప్రోగ్రాంలో గొంతును తలకిందులు చేసే మైనస్ గుర్తు తీసేశాడు. మసిపట్టిన ఆ చిన్న స్పీకర్లోంచి లచ్చయ్య గొంతు వచ్చింది. బొంగురుగా ఉంది, ఎంత నిండుగా ఉందో! మురారికి ఏడుపొచ్చింది.

ఆ సాయంత్రమే పాటను మళ్ళీ ప్రసారానికి పెట్టి, జాలరి వీధికి పరిగెత్తాడు. లచ్చయ్య గుమ్మం ముందు కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు.

"తాతా, తప్పు నాదే. ఇప్పుడు మీ పాట వస్తుంది, వినండి."

"రేడియో ఎవలికో ఇచ్చీసినాను బాబూ. నాకు పాటలేటి ఇంక."

అంతలో పక్కింటి రేడియోలోంచి అతని గొంతే వినిపించింది. వీధిలో వాళ్ళు ఒక్కొక్కరే బయటికొచ్చారు. లచ్చయ్య వల భుజాన వేసుకుని, ఎవరి వైపూ చూడకుండా ఒడ్డుకి వెళ్ళిపోయాడు.

మురారి ఆశ్రమానికి తిరిగొచ్చాడు.

"తప్పు దిద్దాను స్వామీ. వీధంతా విన్నారు. ఆయనొక్కరే వినలేదు."

స్వామి బల్లమీది హెడ్‌ఫోన్స్ వైపు చూశారు. "నేనూ వీటితోనే విని బాగుందన్నాను," అన్నారు. ఆయన గొంతు తగ్గింది.

"రేపు వెళ్ళి ఇంకోసారి పాడమని అడగనా?"

"పాడమనకు నాయనా. ఊరికే వెళ్ళి పక్కన కూర్చో. పొద్దున అతను చెప్పిందే మనం ఇంకా వినలేదు."