మంగాయమ్మ కంటి నీళ్ళు

అనగనగా ఒక ఊళ్ళో, గోదావరి కాలువ గట్టునే, పూతరేకులు చేసే మంగాయమ్మ అని ఒకావిడ ఉండేది. ఊ కొట్టు తల్లీ. నా కంటి చుక్కల సీసా దిండు పక్కన పెట్టు. దాని సంగతి కథయ్యాక చూద్దాం.

పూతరేకు ఎలా చేస్తారంటే, బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకుల మంట పెడతారు. పల్చటి బియ్యప్పిండి జావలో గుడ్డ ముంచి ఆ కుండ మీద ఒక్కసారి అలా లాగుతారు. అప్పుడు ఉల్లిపొరలాంటి రేకు లేస్తుంది. దాన్ని చిరక్కుండా తియ్యడం ఆ ఊళ్ళో మంగాయమ్మకే చెల్లింది.

అలాంటి మంగాయమ్మ కుడికంటికి శుక్లం వచ్చింది. ముందు దీపం చుట్టూ మసక. ఆ తర్వాత మనుషుల మొహాలు మసక. ఆ తర్వాత ఆ కంటికి చేతిలో ఉన్న రేకే కనపడడం మానేసింది.

అప్పుడు కోడలు లోవ ఆపరేషన్ చేయిద్దామంది. కొడుకు వీర్రాజు వద్దన్నాడు. వెనకటికి వాళ్ళ నాయనమ్మ, ఎవరో పల్లెటూరి వైద్యుడి చేత కంటికి కోత పెట్టించుకుంటే ఆ కన్ను కాస్తా పోయింది. అదీ అతని భయం. లోవ పట్టిన పట్టు విడవలేదు. చివరికి వీర్రాజు ఒప్పుకున్నాడు గాని, పోతూ పోతూ ఒక మాట అనేశాడు.

"అమ్మ కంటికేమన్నా అయితే పూచీ నీదే."

ఆ మాట వసారాలో ఉన్న మంగాయమ్మ చెవిన పడింది. పడి అక్కడే ఉండిపోయింది.

ఆపరేషన్ బాగానే అయింది. కట్టు విప్పగానే ఆవిడకి మొదట కనిపించింది లోవ మొహం. పాపిట దగ్గర రెండు తెల్లవెంట్రుకలు కూడా కనిపించాయి. అవి ఎప్పుడు నెరిశాయో ఏమోనని ఆవిడ మనసు చివుక్కుమంది.

డాక్టరమ్మ కొన్నాళ్ళపాటు వెయ్యమని మందు చుక్కలు రాసింది. కన్ను తడి ఆరకుండా ఇంకో రకం చుక్కలు రాసి, అవి తను ఆపమనేదాకా వెయ్యమంది. పొగ దగ్గరికి వెళ్ళొద్దంది. అందుకని కుండ దగ్గర లోవ కూచుంది. మంగాయమ్మ అరుగు మీద కూచుని రేకుల్లో నెయ్యీ పంచదారా వేసి మడతలు పెట్టేది.

మందు చుక్కలు అయిపోయేదాకా బాగానే జరిగింది. ఆ తర్వాత మొదలైంది గుబులు.

ముందు కంట్లో ఇసక పోసినట్టు గరగర. పిండి నలుసేదో పడిందిలే అనుకుంది. ఆ తర్వాత కన్ను ఒకటే కారడం. కొంగుతో ఒత్తుకునే కొద్దీ కారుతోంది. ఇన్ని నీళ్ళు ఊరే కంటికి మళ్ళీ తడి చుక్కలెందుకు, ఆ చుక్కల వల్లే కారుతోందేమో అనుకుని, సీసా తీసుకెళ్ళి బియ్యం డబ్బా వెనక దాచేసింది. ఆ తర్వాత, ఒకరోజు మడత పెడుతున్న రేకు మళ్ళీ మసగ్గా కనిపించింది.

మంగాయమ్మ ఇక కన్ను పోతోందనుకుంది. తన కన్ను సంగతి అలా ఉంచి, వీర్రాజు లోవని ఏమంటాడో అని హడలిపోయింది. అందుకని ఎవరికీ చెప్పలేదు. చూడు మరి, దాచుకోవడానికి అదేమన్నా ఆవకాయ జాడీనా?

రోజూ పొద్దున్నే ఎడమకన్ను అరచేత్తో మూసుకుని పరీక్ష చేసుకునేది. గోడ మీది గడియారం కనిపిస్తే ఊపిరి పీల్చుకునేది. ముల్లు కనపడకపోతే ఆ పూట ముద్ద దిగేది కాదు. చుక్కలు వేసుకున్నారా అత్తయ్యా అని లోవ అడిగితే, వేసుకున్నానమ్మా అనేది.

అప్పుడు పక్కింటి పాపాయమ్మ, కంట్లో ఒక్క ఆముదం చుక్క వేస్తే అంతా సర్దుకుంటుందని చెప్పింది. మంగాయమ్మ వంటింట్లోకి వెళ్ళి ఆముదంలో వేలు ముంచింది. తల పైకెత్తింది. వేలు కంటిదాకా వచ్చింది.

అంతలో గుమ్మంలో లోవ. ఆ పిల్ల ఆముదం కేసి చూడలేదు, అత్తగారి చెంపల మీద కారుతున్న నీళ్ళకేసే చూసింది. చూసి అక్కడే కూలబడింది.

"అత్తయ్యా, మీరు రోజూ కూచుని ఇలా ఏడుస్తుంటే నేను చూళ్ళేకపోతున్నాను. పట్టుబట్టి ఆపరేషన్ చేయించి తప్పు చేశానా?"

మంగాయమ్మ వేలు కిందికి దిగింది.

"నేనేడవడం లేదే లోవా. కన్నే ఏడుస్తోంది."

ఇక దాచలేదు. గరగర సంగతీ, బియ్యం డబ్బా సంగతీ, వసారాలో విన్న మాట సంగతీ అన్నీ చెప్పేసింది. వాడికి చెప్పకే అని బతిమాలింది. లోవ ఆ చేతిని కొంగుతో శుభ్రంగా తుడిచి, తిన్నగా వెళ్ళి మొగుడికి చెప్పేసింది.

అప్పుడు ముగ్గురూ ఆటో ఎక్కారు.

డాక్టరమ్మ కంట్లోకి లైటు వేసి చాలాసేపు చూసింది. లోవ మంగాయమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది. చివరికి డాక్టరమ్మ లైటు ఆర్పి, లోపలంతా చక్కగా ఉందనీ, పైన కన్ను ఎండిపోయిందనీ చెప్పింది. ఎండిన కన్ను మంటకి ఓర్చుకోలేక నీళ్ళు కారుస్తుందట. ఆ నీళ్ళు జారిపోతాయి గాని కంటికి అంటిపెట్టుకోవట. ఎండినందుకే మసగ్గా కనిపిస్తోందట.

మంగాయమ్మకి అప్పుడు తన కుండ గుర్తొచ్చింది. వేడి కుండ మీద నీళ్ళు చిలకరిస్తే చుయ్‌మని పోతాయి, నూనెగుడ్డతో తుడిస్తేనే రేకు చిరక్కుండా వస్తుంది, అంతేనా అమ్మా అని అడిగింది. అంతేగాని కంట్లో నూనె మాత్రం పొయ్యకు తల్లీ అని డాక్టరమ్మ చేతులు జోడించింది.

ఇంటికొచ్చాక వీర్రాజు బియ్యం డబ్బా జరిపాడు. ఆ సీసా మూత తీసి ఎన్నాళ్ళయిందో ఏమోనని అవతల పడేశాడు. డాక్టరమ్మ రాసిచ్చిన కొత్త తడి చుక్కల సీసా తీసి, సబ్బుతో చేతులు కడుక్కొచ్చి, తల్లిని మంచం మీద పడుకోబెట్టాడు. లోవ వైపు చూడకుండానే, "పూచీ మనిద్దరిదీ" అన్నాడు.

అన్నాడే గాని చెయ్యి వణికింది. మొదటి చుక్క చెంప మీద పడింది. రెండోది కనుబొమ మీద పడింది. మూడోది కంట్లో పడింది. మంగాయమ్మ రెప్ప వాల్చి, చల్లగా ఉందిరా నాయనా అంది. లోవ ఆ చెంప తుడుస్తూ ఏడ్చింది. ఈసారి మాత్రం నిజంగా ఏడుపే.

విన్నావా తల్లీ, అంత పెద్ద వీర్రాజుకే చెయ్యి వణికింది. నీ చెయ్యి వణికితే తప్పేముంది? నా కన్ను కారుతోందని నేనేడుస్తున్నాననుకోకు. చేతులు కడుక్కుని రా. కింది రెప్ప కొంచెం లాగు. సీసా మూతి కంటికి తగలనివ్వకు. ఊ, వెయ్యి.

చెంప మీద పడిందా? పోనీలే, ఇంకోటి వెయ్యి.

అదీ. చల్లగా ఉంది. ఇక దీపం తగ్గించు.

కథ కంచికి,
చుక్క కంటికి,
నిద్ర రెప్పకి,
మనం ఇంటికి.