పిట్టల తిన్నె

జిలానీ కెమెరా ముట్టుకోవడం మానేశాడు.

కర్నూలులో అతనికి చిన్న ఫోటో స్టూడియో ఉంది. పెళ్లి ఫోటోలు పొట్ట కోసం తీసేవాడు. పొద్దున్నే తుంగభద్ర ఒడ్డున తిరిగి తీసేవి మాత్రం తన కోసం. ఆ ఎండాకాలం మొదట్లో, ఏటి మధ్య ఇసుక తిన్నె మీద గుడ్లు పొదుగుతున్న పిట్టల్ని ఫోటో తీశాడు. సంబరం పట్టలేక తెలిసినవాళ్లందరికీ పంపాడు, చోటు పేరుతో సహా.

ఆదివారం జనం పిల్లాజెల్లాతో వచ్చారు. చెడ్డవాళ్లేం కాదు, చూసిపోదామనే వచ్చారు. ఇసుక రంగులో ఉన్న గుడ్లు వాళ్ల కంటికి ఆనలేదు. జిలానీ వెళ్లేసరికి తిన్నె నిండా కాళ్ల కింద పగిలిన గుడ్ల పెంకులు. పైన పిట్టలు అరుస్తూ తిరుగుతున్నాయి.

"పిట్టలే కదా, పోనీలే" అన్నారు ఇంట్లో. అతనికి మాత్రం కన్ను మూస్తే ఆ అరుపే.

ఒకరోజు కెమెరా సంచీ భుజాన వేసుకుని గురువు దగ్గరికి వెళ్లాడు. ఆయన పేరు నూరుల్లా బాబా. ఊరి బయట దర్గా పక్క గదిలో ఉండే ముసలి ఫకీరు.

"దీన్ని ఏట్లో పారేస్తాను బాబా. మీరు సరేనంటే చాలు."

బాబా చెప్పులు వేసుకున్నాడు. "పద. ఏటికే పోదాం."

ఒడ్డు వెంట ఎగువకు నడిచారు. నీళ్లు లోతుగా ఉన్నచోటల్లా జిలానీ ఆగి ఆయన ముఖం చూశాడు. బాబా ఆగలేదు. ఏరు సన్నబడ్డ చోట లుంగీ ఎగగట్టి దాటాడు. అవతల ఇంకో ఇసుక తిన్నె. దాని అంచున, తుమ్మ పొద చాటున కూర్చున్నాడు.

"ఆ కొసన చూడు."

"ఏమీ కనిపించడం లేదు బాబా."

"నీ సంచీలో పెద్ద కన్నుంది కదా."

జిలానీ పొడుగు లెన్సు బిగించి చూశాడు. నల్లటి నెత్తి, పసుపు ముక్కు. ఒక పిట్ట నీళ్లలో పొట్ట తడుపుకుని వచ్చి, ఇసుక గుంటలో ఉన్న గుడ్ల మీద మెల్లగా సర్దుకుని కూర్చుంది. ఆ పక్కన ఇంకొకటి. దాని వెనక మరొకటి.

"మళ్లీ పెట్టాయి" అన్నాడు. "వాటికి నా మీద కోపం లేదా బాబా?"

"వాటికి పొదిగే పనుంది."

జిలానీ మోకాళ్లలో తల పెట్టుకుని కాసేపు ఏడ్చాడు. బాబా కదిలించలేదు. ఏడుపు తగ్గాక మళ్లీ కెమెరా అందుకుని, మీట మీద వేలు ఆపాడు.

"తీయనా?"

బాబా లేచి తలగుడ్డ విప్పాడు. దాన్ని ఇసుకకు ఆనించి, వెనక్కి వెనక్కి నడుస్తూ, తాము వచ్చిన అడుగుజాడలన్నీ తుడవసాగాడు. నడుము పట్టేసినట్టుంది, మధ్యలో ఆగి రుద్దుకున్నాడు.

జిలానీ చూశాడు. ఆ జాడ పట్టుకుని ఇక ఎవరూ రాలేరు. తర్వాత ఒకే ఒక్క ఫోటో తీసి, కెమెరా సంచీలో పెట్టి, తుడిచిన ఇసుకను తొక్కకుండా పొదల వెంట చుట్టు తిరిగి వచ్చాడు. బాబా చేతిలోంచి గుడ్డ తీసుకుని తానూ వంగాడు. చాలా రోజుల తర్వాత కడుపులో ఆకలి తెలిసింది.

"బాబా, ఆకలేస్తోంది."

"నాకూను" అన్నాడు బాబా ఏట్లోకి దిగుతూ. "నీళ్లదాకా తుడిచి రా. తిందాం."