చెక్క బిరడా

అమెరికా అప్పుడప్పుడే సొంత కాళ్ళ మీద నిలబడుతున్న రోజులు. ఊళ్ళ నిండా కొయ్య ఇళ్ళే. ఎక్కడైనా నిప్పంటుకుంటే జనం వరసకట్టి తోలు బకెట్లతో నీళ్ళు అందించుకునేవాళ్ళు. అందులో సగం దారిలోనే ఒలికిపోయేవి.

ఆమస్ పెల్ అనే ఆయన ఏళ్ళ తరబడి తంటాలు పడి, ఇళ్ళ కప్పుల మీదికి నీళ్ళు చిమ్మే చేతిపంపు కనిపెట్టాడు. పక్క ఊరి కమ్మరి హైరమ్ ఊరికే ఉంటాడా? దాన్ని మక్కీకి మక్కీ దించేసి, పైన తన పేరు చెక్కుకున్నాడు.

ఆమస్ శిష్యుడు కేలబ్‌కి ఒళ్ళు మండిపోయింది. "మన నోట్లో మట్టి కొట్టాడు, గురువుగారూ! ఫిర్యాదు ఉందని ఆ ఊరి మేజిస్ట్రేటుగారికి కబురు పెట్టాను. మీరు రావలసిందే" అని ఆయన్ని బలవంతాన బయల్దేరదీశాడు.

వాళ్ళు హైరమ్ ఊరికి వెళ్ళేసరికి అక్కడ రొట్టెల దుకాణం మండుతోంది. నిప్పురవ్వలు గాలికి లేచి పక్క కప్పుల మీద పడుతున్నాయి. మగవాళ్ళు హైరమ్ చేసిన పంపు కొడుతూనే ఉన్నారు, చుక్క నీరు రావడం లేదు. హైరమ్ మొహంలో నెత్తురు చుక్క లేదు.

కేలబ్ చూడగానే పట్టేశాడు. వాడకుండా ఉంచితే పంపు లోపలి తోలు ఎండిపోయి గాలి పీలుస్తుంది. పంపు పక్కనున్న చెక్క బిరడా తీసి, నీళ్ళు పోసి నానబెట్టాలి. హైరమ్ ఆ బిరడాని కూడా చూసి అచ్చంగా దించాడు గానీ, అదెందుకో తెలియక మేకులు కొట్టి బిగించేశాడు.

"దొంగ దొరికిపోయాడు!" కేలబ్ సంతోషం పట్టలేకపోయాడు. "కాసేపు ఆగండి గురువుగారూ, ఊరంతా చూడనీయండి."

గురువుగారు పక్కన లేరు. జనాన్ని తోసుకుంటూ వెళ్ళి, సుత్తితో బిరడా ఊడగొట్టి, ఎవరి చేతిలోదో బకెట్ లాక్కుని ఆ కన్నంలో కుమ్మరించారు. తోలు నానేదాకా ఆగి, బిరడా తిరిగి దిగ్గొట్టారు.

"ఇప్పుడు కొట్టండి!"

నీళ్ళు ఒక్కసారిగా దుకాణం కప్పు దాటి లేచాయి. చూస్తుండగానే మంట అణగారింది. పక్క ఇళ్ళన్నీ దక్కాయి.

"హైరమ్! హైరమ్!" అని ఊరు ఊరంతా కేకలు. కేలబ్‌కి ఏడుపొచ్చినంత పనయింది. హైరమ్ మాత్రం తల ఎత్తలేక, ఆమస్ చేతులు పట్టుకుని నిలబడిపోయాడు.

మసి మొహంతో మేజిస్ట్రేటు వచ్చాడు. "ఏదో ఫిర్యాదు ఉందని కబురు పంపారట?"

కేలబ్ నోరు తెరిచేలోగా ఆమస్ అందుకున్నాడు. తడిసి ముద్దయిన మనిషి, చిన్నపిల్లాడిలా నవ్వుతున్నాడు.

"ఉందండీ. ఇంత పెద్ద ఊళ్ళో ఒక్క పంపే ఉందేమిటి?"