ఆకులకెళ్లిన దాలమ్మ

అనగా అనగా, కొండల మీద దారులన్నీ మనుషుల కాళ్లే వేసిన రోజుల్లో, ఒక కొండ కింద దాలమ్మ అనే మనిషి ఉండేది. మొగుడు లేడు, బిడ్డల్లేరు, ఎడమకాలు కుంటి. కొండెక్కి అడ్డాకులు కోసుకొచ్చి, విస్తళ్లు కుట్టి బతికేది. కూటి కోసం కోటి విద్యలంటారు గానీ, దాలమ్మకి వచ్చింది ఆ ఒక్కటే.

ఆ కొండకి ఎవరూ ఒంటరిగా వెళ్లరు. ఏడుగురు కలిసి పొద్దున్నే ఎక్కి, పొద్దు వాలకముందే దిగేవారు. ముందు గురువులు అనే అతను నడిచేవాడు. దారి చీలిన ప్రతిచోటా ఒక పచ్చి మండ విరిచి, వెళ్లకూడని దారికి అడ్డంగా పడేసేవాడు. మండ పడిందంటే ఆ దారి మూసినట్టే. వెనకవాళ్లు అది చూసి రెండో దారి పట్టేవారు. అందరికన్నా వెనక దాలమ్మ.

ఆవేళ బయల్దేరేటప్పుడే గురువులు కసిరాడు.

"దాలమ్మప్పా, నీ కోసం మేం ఆగినా పొద్దు ఆగదు. ఇయ్యాల ఆలీసం చేసావంటే రేపట్నుంచి మాతో రావద్దు."

"చెయ్యన్రా తమ్ముడా. ఎలాగోలా వొచ్చేస్తాను."

రావద్దంటే ఆకు లేదు. ఆకు లేకపోతే గంజి లేదు. దాలమ్మ కాలీడ్చుకుంటూ ఎక్కింది, చేతనైనంత కోసింది, అందరికన్నా చిన్న మోపు కట్టుకుంది. ఒక్కమాట కూడా మాట్లాడలేదు, మాటకి ఊపిరి ఖర్చవుతుందని.

మధ్యాహ్నం దాటేసరికి పైకొండ నల్లబడింది. "దిగండెహే, వాన!" అని గురువులు ఇద్దరు మగాళ్లతో ముందు పరుగందుకున్నాడు. వాళ్ల వెనక అతని పెళ్లాం నూకాలు. నూకాలు వెనక ఆమె తోడికోడళ్లు ఎర్రయ్యమ్మ, సన్యాసమ్మ. వాళ్ల వెనక, చాలా వెనక, దాలమ్మ.

మొదటి చీలిక వచ్చింది. మండ ఉంది. దాలమ్మ మంచిదారి పట్టింది.

రెండో చీలిక వచ్చింది. మండ ఉంది. దాలమ్మ మంచిదారి పట్టింది.

మూడో చీలిక వచ్చింది. మండ లేదు.

ఏమైందంటే, అక్కడ గురువులు మండగా చేతికందిన అడ్డాకుల తీగ తెంపి వేశాడు. నూకాలు చూసింది. చాటంత ఆకులు, ఒక్క పురుగు కొరుకు లేదు. ఆకులు కోసే చెయ్యి కదా, ఆగలేదు. తీగని తీసి మోపులో దోపుకుని, తను మాత్రం మంచిదారినే పోయింది. వెనకొచ్చిన తోడికోడళ్లకి ఏ దారికీ అడ్డం కనబడలేదు. వానకి తలలొంచుకుని, వెడల్పుగా ఉన్న దారి పట్టారు. అది గెడ్డలోకి దిగుతుంది. కొండవాగునే అక్కడ గెడ్డ అంటారు. పైన వాన పడితే అది కిందవాళ్లకి చెప్పి రాదు.

నెమ్మదిగా నడిచేవాళ్లకి దారిలో ప్రతి రాయీ తెలుస్తుంది. దాలమ్మకి మంచిదారి ఏదో తెలుసు. అటు పోతే ఆ ఒక్కరోజైనా ఆలస్యం లేకుండా ఇల్లు చేరేది. కానీ గెడ్డ వైపు నుంచి ఆడగొంతులు వినబడ్డాయి. మూడుసార్లు కేకేసింది. మూడుసార్లూ వాన ఆ కేకని మింగేసింది. అప్పుడు నెత్తిన ఉన్న మోపు దించి, వెతకడానికి ఎవరొచ్చినా అటు దిగకుండా గెడ్డదారికి అడ్డంగా పెట్టి, కిందికి దిగింది. భయపడలేదని నేను చెప్పను. భయపడుతూనే దిగింది.

అప్పటికే వాళ్లిద్దరూ మోకాలిలోతు ఎర్రనీళ్లలో దారి వెతుకుతున్నారు.

"ఇది దారి కాదే పిల్లా! ఎక్కండి, ఎక్కండి!"

"గట్టు జారిపోతందప్పా!"

దాలమ్మ గట్టుకి ఆనుకుని వంగింది. "నా బుజం మీద కాలెట్టండి."

ఎర్రయ్యమ్మ ఎక్కింది. సన్యాసమ్మ ఎక్కింది. పైనుంచి చెయ్యందిస్తే దాలమ్మ చెయ్యి అందలేదు.

"మీరు నడండే. నాను ఆ పక్కనుంచి ఎక్కుతాను. ఎనకే ఒస్తన్నాను."

వాళ్లు నడిచారు. కొంతదూరం పోయి, "ఒస్తన్నావా అప్పా?" అన్నారు. "ఒస్తన్నాను" అంది. ఇంకొంతదూరం పోయి, "ఒస్తన్నావా అప్పా?" అన్నారు. "ఒస్తన్నాను" అంది. మూడోసారి అడిగారు. జవాబు రాలేదు. వాన హోరు అనుకున్నారు. వెనకబడటం దాలమ్మకి అలవాటేగా అనుకున్నారు. ఒక్కరూ తిరిగి చూడలేదు.

కొండ కింద గురువులు తలలు లెక్కపెట్టాడు. ఆరు. నూకాలు మోపు దించితే ఆ అడ్డాకుల తీగ జారి పడింది.

"గెడ్డదారికి ఏసిన మండ నీ మోపులోకెలా వొచ్చిందే?"

నూకాలు నేలమీద కూలబడింది. మగాళ్లు తాళ్లు పట్టుకుని పరిగెత్తారు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? దారికి అడ్డంగా మోపుంది. మనిషి లేదు. మూడోనాడు, చాలా దిగువన, ఇసకలో దొరికింది.

ఆమె దినానికి ఊరంతా వచ్చింది. విస్తళ్లు కుట్టేది ఆమే కదా, ఇప్పుడెవరు కుడతారు? నూకాలు ఆ చిన్న మోపు విప్పి, ఏడుస్తూ కుట్టింది. ఆ ఆకులో వడ్డించిన అన్నం నూకాలుకి దిగలేదు. గురువులు మెతుకు ముట్టకుండా లేచి, అందరి ముందూ అన్నాడు.

"రావద్దన్నాను. నా నోటితో నానే రావద్దన్నాను."

మర్నాటి నుంచి అతను ముందు నడవలేదు.

ఇప్పటికీ ఆ కొండకి వెళ్లేవాళ్లలో కాలు సాగని మనిషే ముందు నడవాలి. ముసలమ్మో, కడుపుతో ఉన్నదో, జ్వరం పడి లేచినదో, ఎవరైతే వాళ్లు. మిగతా అందరూ వాళ్ల అడుగుకి తగ్గట్టు అడుగేస్తారు. మబ్బు ఉరిమినా సరే, పొద్దు వాలినా సరే. కుర్రకారు ఎవరైనా తోసుకుని దాటబోతే, వెనకనుంచి మెల్లగా అంటారు:

"ఆగరా. ముందు దాలమ్మ నడుస్తంది."