ఐదు గొర్రెలకు ఒక నక్క

కొండ మీద మేక చుక్కమ్మ బడి, కొండ కింద గొర్రెల దొడ్డి. అడవిలో ఏటా జరిగే ప్రవేశ పరీక్షకు పిల్లల్ని తయారు చేసీ చేసీ చుక్కమ్మ గడ్డం నెరిసింది. నెరిసింది వయసు వల్ల కాదు, పొట్టేలు గురవయ్య వల్లనే అని ఆమె గట్టి నమ్మకం.

గురవయ్యకు లెక్కలు రాక కాదు. నిష్పత్తి కంటపడితే చాలు, మిగతా ప్రశ్న చదవడు. గబగబా కొట్టివేతలు చేసి, కిందున్న నాలుగు జవాబుల్లో దగ్గరగా కనిపించినదానికి టిక్కు పెట్టేసి కొమ్ములు ఎగరేస్తాడు.

"ఒరే, ప్రశ్నలో 'కనీసం' అన్నాడు, 'మించకుండా' అన్నాడు. ఆ మాటలు అలంకారానికి పెట్టాడనుకున్నావా?" అని చుక్కమ్మ నెత్తీ నోరూ కొట్టుకునేది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. పైగా అదృష్టం కలిసొచ్చి ఆ టిక్కులతోనే గురవయ్యకు ర్యాంకు వచ్చింది. గొర్రెలన్నీ మురిసిపోయి అతన్ని దొడ్డికి పెద్దను చేశాయి.

సంగతి నక్క చెవిన పడింది. ఒకరోజు చుట్టాల్ని వెంటేసుకుని దొడ్డికొచ్చి, తోడేళ్లు తిరుగుతున్నాయనీ, కాపలా కాస్తామనీ వినయంగా చెప్పుకుంది. ఒప్పందానికి సాక్షిగా దున్నపోతునూ తీసుకొచ్చింది.

"గురవయ్యగారూ, తమరు ర్యాంకు వచ్చినవారు, లెక్కలోనే చెబుతాను. గొర్రెలు ఎన్నున్నా సరే, ఐదు గొర్రెలకు ఒక నక్క చొప్పున కాపలా. అంతకు మించి ఒక్క నక్క దొడ్డిలో కనిపించినా దున్నపోతు కుమ్మేయవచ్చు. మరి ముప్పై గొర్రెలకు ఎన్ని నక్కలు?"

"ఆరు," అన్నాడు గురవయ్య, ప్రశ్న పూర్తికాకముందే. నక్కలు ఆహా ఓహో అన్నాయి. ఒప్పందం కుదిరిపోయింది.

చుక్కమ్మ కబురు విని కొండ దిగి వచ్చేసరికి నక్కలు దొడ్డిలో కాళ్లు చాపుకుని కూర్చున్నాయి. కనీసం ఇన్ని గొర్రెలు మిగిలి ఉండాలని ఎందుకు మాట తీసుకోలేదని ఆమె నిలదీసింది.

"ప్రశ్నలో అది అడగలేదు పంతులమ్మా," అన్నాడు గురవయ్య.

మర్నాడు ఐదు గొర్రెలు లేవు. పొట్ట బరువెక్కిన నక్క ఒకటి సెలవు తీసుకుని వెళ్లిపోయింది. చుక్కమ్మ గగ్గోలు పెడితే గురవయ్య గిట్టతో నేల మీద గీసి చూశాడు. ఇరవై ఐదుకు ఐదు, కొట్టివేస్తే ఐదుకు ఒకటి. నిష్పత్తి చెక్కుచెదరలేదని తేల్చాడు. దున్నపోతు కూడా తొంగిచూసి, మాట తప్పలేదుగా అని నెమరు వేసుకుంటూ పోయింది. ఆ మరుసటి రోజూ అంతే, ఆ పై రోజూ అంతే. పోయినవాటిలో చుక్కమ్మ దగ్గర ఎక్కాలు నేర్చుకున్న పిల్లలున్నారు. ఆమెకు ఏడుపొచ్చింది, ఏడుపు వెనకే ఒళ్లు మండింది. మిగిలిన గొర్రెలు మాత్రం పక్కన ఖాళీ అయిన చోటు చూడకుండా గురవయ్య గీతలే చూస్తూ తలలూపాయి. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని ఊరికే అనలేదు.

చివరికి గురవయ్యతో కలిపి ఐదు గొర్రెలు, ఒక నక్క మిగిలాయి. ఈసారి కొట్టివేతలో పోయేది తానేనని అప్పటికి వెలిగింది మహానుభావుడికి. పడుతూ లేస్తూ కొండెక్కి చుక్కమ్మ కాళ్ల మీద పడ్డాడు.

తిట్టాల్సినవన్నీ ఆమె తిట్టింది. ఆ తర్వాత, దున్నపోతును పిలుచుకురమ్మని అతన్ని పంపి తానూ దిగింది. దున్నపోతు రాగానే గురవయ్యను దొడ్డి బయటే నిలబెట్టి, లోపల గొర్రెలెన్నో చెప్పమంది.

"నాలుగు."

"ఐదింటికి ఒక నక్క అయితే నాలుగింటికి ఎంత? నిదానంగా చెప్పి చావు."

గురవయ్య మొదటిసారి తొందరపడలేదు. "ఐదింట నాలుగు వంతుల నక్క," అన్నాడు.

"లోపలున్నది?"

"నిండు నక్క. మించింది పంతులమ్మా."

నక్క కంగారుగా లేచింది. "ముక్క నక్క ఎక్కడైనా ఉంటుందా అమ్మా?"

"ఉండదు కాబట్టే జవాబు సున్నా," అంది చుక్కమ్మ.

 దున్నపోతుకు తెలిసింది ఒక్కటే, మాట మాటే. తల వంచి వచ్చి కుమ్మిన కుమ్ముకు నక్క కంచె అవతల ముళ్లపొదలో పడి, కుంటుకుంటూ మళ్లీ ఆ కొండవైపు చూడకుండా పారిపోయింది.

గురవయ్య ఊపిరి పీల్చుకుని, ఈ లెక్క పరీక్షలో వస్తుందా అని అడిగాడు.  చుక్కమ్మ దాదాపు ఖాళీ అయిన దొడ్డిని ఒకసారి చూసి కొండెక్కి వెళ్లిపోయింది.

నీతి: నిష్పత్తి కుదిరిందని మురిసిపోయి, కనీసం ఎంత మిగలాలో అడగనివాడు లెక్క తప్పకుండానే మునిగిపోతాడు.