ఖాళీ పళ్ళెం

భ్రమరాంబకు దీక్ష ఇవ్వమని కాత్యాయని అడగడం అది మొదటిసారి కాదు. అడిగినప్పుడల్లా పెద్దమ్మ ఏదో ఒక పని చెప్పి పంపేస్తోంది. ఒకసారి పెసలు ఎండబెట్టమంది. ఇంకోసారి, "దోమలెక్కువైనాయి, వేపాకు పొగ పెట్టిపో" అంది.

పెద్దమ్మ అసలు పేరు చిదంబరమ్మ. తుంగభద్ర ఒడ్డున ఆమె ఆశ్రమం. ఆమెకు చదువు రాదు, ఉపన్యాసాలు అంతకన్నా రావు. ఆ పనంతా ముఖ్యశిష్యురాలు కాత్యాయనిది. ఒకప్పుడు హైస్కూల్లో తెలుగు టీచరు. ఓర్పు మీద గంటన్నర ఆగకుండా మాట్లాడగలదు. ఆశ్రమానికి వచ్చే ఆడవాళ్ళంతా ఓర్చుకోలేక వచ్చినవాళ్ళే కాబట్టి ఆ ఉపన్యాసానికి గిరాకీ ఎక్కువ.

భ్రమరాంబను ఆమె భర్త మల్లికార్జున తీసుకొచ్చి దింపాడు. ఆదోనిలో విత్తనాల కొట్టు అతనిది.

"మనసు బాగలేదంటాది. ఏం తక్కువైందో మాకైతే తెలీదు. మీ దగ్గర కొన్నాళ్ళుంటే కుదురుకుంటాదని" అని సంచి అందించి వెళ్ళిపోయాడు.

ఆశ్రమంలో ఆమెకు పాత్రలు కడిగే సేవ ఇచ్చారు. ఇంట్లో చేస్తే చాకిరీ, ఇక్కడ చేస్తే సేవ. ఆమె కడిగింది. ఎవరితోనూ మాట్లాడదు. పెడితే ఒక ముద్ద తింటుంది, పెట్టకపోతే అడగదు. జుట్టు ముడి ఎప్పుడు వేసుకుందో, అదే ముడి. వంటావిడ కసిరితే కోపం లేదు, భక్తులు మెచ్చుకుంటే నవ్వు లేదు. తెల్లవారకముందే మెలకువ వచ్చి కళ్ళు తెరుచుకునే పడుకుంటుంది. ఒకరోజు ఐదేళ్ళ కొడుకు ఫోన్ చేశాడు. ఫోను కాసేపు చెవి దగ్గర పెట్టుకుని, ఏమీ అనకుండా తిరిగి ఇచ్చేసింది.

కాత్యాయని ఇదంతా చూసి పులకించిపోయింది. ఉపవాసం, మౌనం, కన్నబిడ్డ మీద కూడా మమకారం లేకపోవడం. తాను ఏళ్ళ తరబడి సాధన చేసినా అందనిది ఈ అమ్మాయికి వచ్చిన నెలలోనే అందింది.

ఆడది అన్నం మానేస్తే ఇంట్లో పొగరంటారు, ఆశ్రమంలో తపస్సంటారు. ఆకలెందుకు పోయిందని రెండుచోట్లా ఎవరూ అడగరు.

ఉపన్యాసాల్లో కాత్యాయని ఆమెనే ఉదాహరణగా చెప్పసాగింది. విన్న ఆడవాళ్ళు అంట్లగది దాకా వెళ్ళి ఆమె కాళ్ళకు మొక్కారు. కాళ్ళు వెనక్కి తీసుకునే ఓపిక కూడా లేక ఆమె అలాగే నిలబడింది. దాన్నీ మహిమే అనుకున్నారు.

దీక్ష ఇప్పిస్తామని భర్తకు కబురు వెళ్ళింది. వెంటనే ఒప్పుకున్నాడు. ఇంట్లోంచి ఒక సన్యాసిని బయల్దేరితే వంశానికి కీర్తి. ఇంకో పెళ్ళికి అడ్డమూ ఉండదు.

చివరికి ఒక ఉదయం పెద్దమ్మ, "సరే, రమ్మను. పళ్ళెం పెట్టు" అంది.

ఆ ఆశ్రమంలో ఒక పద్ధతి ఉంది. దీక్ష తీసుకునే మనిషి తనకు అన్నిటికన్నా ఇష్టమైనదాన్ని పళ్ళెంలో పెట్టి పెద్దమ్మ ముందుంచాలి. ఇక దాని జోలికి పోకూడదు. కాత్యాయని తన రోజున కాఫీపొడి డబ్బా పెట్టింది. ఒకావిడ నశ్యం డబ్బీ పెట్టింది. ఇంకొకావిడ టీవీ రిమోటు పెడితే, ఇంట్లోవాళ్ళు మర్నాడే వచ్చి పట్టుకుపోయారు.

భ్రమరాంబ పళ్ళెం ముందు కూర్చుంది. వెనకాల కాత్యాయని చేతులు జోడించి నిలబడింది.

"ఏం పెడతావమ్మా?" అంది పెద్దమ్మ.

భ్రమరాంబ పళ్ళెం వైపు చాలాసేపు చూసింది. "ఏమీ లేదు పెద్దమ్మా."

"ఏదో ఒకటి ఉంటుంది గదా. పూలో, పాటలో, ఊరగాయో."

"ఉండేవేమో. గుర్తు రావడంలే."

"ఇప్పుడు తింటావే, దాని రుచన్నా తెలుస్తుందా?"

"మట్టి నమిలినట్టుంటాది."

"నీ కొడుకో?"

భ్రమరాంబ ఆలోచించింది. ఎంతో ఇష్టంగా ఆలోచించినట్టు లేదు. పక్కింటి లెక్క ఎవరో అడిగితే చెప్పినట్టు చెప్పింది. "నేను లేకుంటేనే వాడు బాగుంటాడు పెద్దమ్మా. అందరూ బాగుంటారు."

కాత్యాయనికి కళ్ళనీళ్ళు వచ్చాయి.

"చూశారా పెద్దమ్మా! మేమంతా ఏవేవో తెచ్చి పెట్టాం. ఈ తల్లి అన్నీ ముందే వదిలేసి వచ్చింది. అచ్చం సర్వమంగళమ్మగారే!"

నది ఒడ్డున తెల్లరాతి గద్దె ఒకటుంది. సర్వమంగళమ్మ గద్దె అంటారు. ఆవిడా అక్కడి శిష్యురాలే. నెలల తరబడి అన్నం సరిగా ముట్టలేదని, ఎవరి మీదా కోపతాపాలు లేవని, ఒకనాటి ఉదయం ఉతికిన చీర కట్టుకుని తుంగభద్రలోకి నడిచివెళ్ళిపోయిందని చెబుతారు. జలసమాధి అంటారు. ప్రతి పౌర్ణమికీ అక్కడ హారతి.

పెద్దమ్మ ముఖం నల్లబడింది. కిటికీలోంచి ఆ గద్దె కనిపిస్తోంది.

"నిజమే" అంది. "అచ్చం అట్లే ఉంది."

ఖాళీ పళ్ళేన్ని బోర్లించి లేచింది.

"నా చెప్పులు యాడున్నాయి? టౌనుకు బస్సు పోయిందా, ఉందా?"

ముగ్గురూ టౌనుకు వెళ్ళారు. సర్కారు ఆసుపత్రిలో మానసిక వైద్యుల విభాగం పాత భవనంలో ఉంది. డాక్టరు చూసి, డిప్రెషన్ అని చెప్పి మందులు రాశాడు. పక్కగదిలో కౌన్సెలింగుకు పంపాడు. అక్కడ జుబేదా అనే ఆవిడ కూర్చుని ఉంది. భ్రమరాంబకు కుర్చీ చూపించింది. ఏం తక్కువైందని అడగలేదు. తలుపు ఇంకా ఓరగానే ఉంది.

"అమ్మా, చచ్చిపోవాలనిపిస్తోందా?"

బయట బల్ల మీద కాత్యాయని ఉలిక్కిపడింది. "శివ శివా! అలా అడగొచ్చా మనిషిని? లేని ఆలోచన పుట్టించడం కాదూ!"

లోపల నుంచి భ్రమరాంబ గొంతు వినిపించింది.

"ఊ. రోజూ."

కాత్యాయని చేతిలో జపమాల ఆగింది. జుబేదా లేచి వచ్చి తలుపు పూర్తిగా మూసింది.

వాళ్ళు తిరిగి వెళ్ళేటప్పుడు జుబేదా, భ్రమరాంబను అడిగి ఆమె ఎదుటే, పెద్దమ్మకు ఒక మాట చెప్పింది. నది వైపు ఒంటరిగా పంపొద్దని. ఆ రోజు నుంచి పెద్దమ్మ తన చాప భ్రమరాంబ పక్కన వేసుకుంది.

ప్రతి గురువారం బస్సు. పెద్దమ్మ బయట బల్ల మీద కూర్చుని ఎదురుచూసేది. వారం వారం జుబేదా చిన్న చిన్న పనులు చెప్పి పంపేది. కాసేపు ఎండలో నడవమనేది. తల దువ్వుకోమనేది. 'నేనే అందరికీ బరువు' అన్న మాట మనసులో లేచినప్పుడు, అది నిజమేనా అని దాన్నే నిలదీయమనేది.

"ఇంతోటిదానికి అంత దూరమా?" అంది కాత్యాయని. "అక్కడ చేసేది మాట్లాడటమేగా? మాటలు మన దగ్గర లేవా పెద్దమ్మా?"

"ఉన్నాయి" అంది పెద్దమ్మ. "అన్నీ మనవే."

మల్లికార్జునకు తెలిసి మండిపడుతూ వచ్చాడు.

"పిచ్చాసుపత్రికి తోలుకపోయినారంట! మా వంశంలో ఎవురికీ అట్లాంటిది లేదు. సన్యాసం పుచ్చుకుంటాండాదని బంధువులందరికీ చెప్పుకున్నాం. ఇప్పుడు రోగమని చెప్పల్లా?"

"నీకు పన్ను నొప్పొస్తే యాడికి పోతావు నాయనా?"

"డాక్టరు దగ్గరికే పోతా. ఇంకేడికి పోతా?"

"దీక్ష తీసుకోవచ్చు గదా."

అంట్లగదిలోంచి వంటావిడ కిసుక్కున నవ్వింది. అతను తుండు దులుపుకుని లేచాడు.

"పిల్లోణ్ణి మాత్రం ఈ గడప తొక్కనీను. గుర్తుపెట్టుకోండి."

భ్రమరాంబ ఆ మాట విన్నది.

నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం కాత్యాయని ముఖం ముడుచుకుని వచ్చింది.

"పెద్దమ్మా, చెబితే మీకు నచ్చదు గాని, ఆ అమ్మాయి పూర్తిగా పాడైపోయింది. మొన్న భక్తురాలు కాళ్ళకు దండం పెట్టబోతే 'నన్ను ముట్టుకోవద్దు, చిరాగ్గా ఉంది' అని అరిచింది. ఇవాళ పప్పులో ఉప్పు లేదని వంటావిడతో పోట్లాట. ఎంత శాంతంగా ఉండే మనిషి!"

"ఉప్పు లేదందా?"

"అందరి ముందూ అంది!"

పెద్దమ్మ నవ్వింది. పళ్ళు లేని నోరంతా తెరిచి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. కాత్యాయనికి ఆ నవ్వేమిటో అర్థం కాలేదు.

ఆ నవ్వు ఎన్నాళ్ళో నిలవలేదు. ఒక శనివారం సాయంత్రం భజన మొదలు కావాలి. హాలు నిండా ఆడవాళ్ళు. కాత్యాయని మైకు ముందు కూర్చుని గొంతు సవరించుకుంటోంది. అప్పుడు అంట్లగదిలోంచి ఏడుపు వినిపించింది.

మామూలు ఏడుపు కాదు అది. పొట్టలోంచి పెకలించుకుని వస్తున్నట్టుంది. వంటావిడ పరుగున వచ్చి చెప్పింది. భ్రమరాంబే కొడుక్కి ఫోన్ చేసిందట. "అమ్మా, నువ్వు సామివైపోయినావా? ఇంక రావా?" అని వాడు అడిగాడట. ఆమె జవాబు చెప్పేలోపే అటువైపు ఎవరో ఫోను లాక్కున్నారట.

ఏడుపు హాలు గోడలకు తగిలి తిరిగి వస్తోంది. కాత్యాయని గబగబా మైకు దగ్గరకు లాక్కుంది. పాట గట్టిగా ఎత్తుకుంటే అది వినబడదు. అన్నేళ్ళుగా ఎందరి ఏడుపులనో ఆమె అలాగే కప్పింది.

పెద్దమ్మ చెయ్యి చాచి మైకు మీద అరచెయ్యి పెట్టింది.

"భక్తులు వింటున్నారు పెద్దమ్మా" అని గుసగుసలాడింది కాత్యాయని.

"విననీ."

"ఇదేనా బాగుపడటం? వచ్చినప్పుడు ఈ ఏడుపే లేదు."

"అవును. అప్పుడు లేదు."

కాత్యాయని హాలు వైపు తిరిగింది. ముందు వరసలో ఒకావిడ కొంగు నోట్లో కుక్కుకుని తల వంచేసింది. ఆమె భుజాలు కదులుతున్నాయి. స్తంభం పక్కన కూర్చున్న ముసలామె పైకప్పు వైపు చూస్తోంది, చెంపలు తడిసి ఉన్నాయి. వాళ్ళిద్దరూ తన ఉపన్యాసాలకు ఏనాడూ మానకుండా వచ్చేవాళ్ళే. అంత నిమ్మళమైన ముఖాలు వేరే ఎక్కడా లేవని కాత్యాయని వాళ్ళను చూపించి చెబుతూ ఉండేది.

ఆమె లేచింది. అంట్లగది గుమ్మం దాకా వెళ్ళింది. ఊరుకో తల్లీ అనబోయి నోరు తెరిచింది. అన్నేళ్ళుగా చెప్పిన మాటలన్నీ ఆ నోట్లోనే ఉన్నాయి. ఒక్కటీ బయటికి రాలేదు. తడినేల మీద, అంట్లగిన్నెల మధ్య, భ్రమరాంబ పక్కన కూలబడింది.

హాల్లో ఎవరో అడిగారు. "పెద్దమ్మా, భజనకు వేళ దాటిపోయింది. ఇంకెంతసేపిట్లా?"

"ఎన్నేళ్ళ ఏడుపో అది" అంది పెద్దమ్మ. "మనకేం తొందర తల్లీ."