తునికి ఒంటిమీది పగుళ్లు

నల్లమల అడవిలో తునికి చెట్టు ఒళ్లు ఒకప్పుడు జామకొమ్మలా నున్నగా ఉండేది. ఇప్పుడు దాన్ని చూస్తే ఎవరూ నమ్మరు. నమ్మకపోతే మానండి, వినండి!

దాని నీడలో మూరెడు పిల్లమొక్క ఒకటి ఉండేది. అమ్మకి అదే లోకం.

అడవిలో ఉండే ఈదమ్మ ఎండలు ముదరకముందే ఎండుగడ్డికి చిన్న మంట పెట్టేది. పాత గడ్డి పోతేనే కదా దుప్పులకు కొత్త గడ్డి మొలిచేది! ఆ ఏడు తునికి ఉన్న కొండవాలు వంతు వచ్చింది.

"ఈదమ్మా, ఇక్కడ నా బిడ్డ ఉంది!" అంది తునికి.

"చిన్న మంటే తల్లీ, ఏం గాదులే," అంది ఈదమ్మ.

మంట చరచరా పాకింది. వాలంతా పొగ కమ్మేసింది. అది పోగానే, మంట మంచి చేసిందో చెడు చేసిందో చూసి రమ్మని అడవే పసులపోలిగాణ్ణి పంపింది. అదేనండీ, తోక రెండుగా చీలిన నల్లపిట్ట. వేరే ఎవరూ దొరకలేదు కాబోలు! వాడికి కాలిన నేలంటే పండగ. లేచిన మిడతల్ని గుటుక్కున మింగుతూ, పైపైన ఓ చూపు చూసి, తునికి కొమ్మమీద వాలాడు.

"పెద్దచెట్లు బతికాయి. గడ్డి పోయింది. నీ పిల్ల చచ్చిపోయిందక్కా," అన్నాడు, నోట్లో మిడత ఇంకా తన్నుకుంటుండగానే.

తునికి కిందికి చూసింది. పిల్ల ఉన్నచోట చిటికెడు బూడిద! ఉన్నపళంగా ఒళ్లంతా నల్లబడింది. బెరడు టపటపా పగిలింది. ఆ చప్పుడుకి ఎదుటి గట్టున దుప్పులు మేత మాని నిలబడిపోయాయి.

ఈదమ్మ పరుగెత్తుకొచ్చింది. "ఏం గాదని నేనే గదా చెప్పింది..." అంటూ బూడిద ముందు కూలబడింది. ఇక రోజూ వచ్చి అక్కడే కూర్చునేది.

మండుటెండలు. ఒక్క చినుకు లేదు. ఒకనాడు బూడిదలోంచి ఎర్రగా ఏదో తొంగిచూసింది. నిప్పు ఇంకా ఆరలేదేమోనని ఈదమ్మ గబుక్కున వంగింది. నలిపెయ్యబోతే, చేతికి చల్లగా, మెత్తగా తగిలింది. చిగురు!

"అమ్మా, ఎందుకట్లా నల్లబడ్డావ్? నేను కింద వేళ్లలో దాక్కున్నా గదా!" అంది చిగురు.

"మట్టికింద ఏముందో సూడకుండా చచ్చిందని ఎట్ల చెప్తివిరా!" అని ఈదమ్మ కొమ్మమీదున్న పోలిగాడిమీద కస్సుమంది. వాడు తోక ఊపుకుంటూ పక్క కొమ్మకి ఎగిరాడు.

తునికి ఏడుస్తూనే నవ్వింది. ఒంటిమీది పగుళ్లు మాత్రం పూడలేదు.

అప్పటినుంచే తునికి బెరడు నల్లగా, పలకలు పలకలుగా పగిలి ఉంటుంది. అప్పటినుంచే, అడవి కాలినచోట తునికి పిల్లలు వానకోసం కూడా ఆగకుండా ఎర్రటి చిగుళ్లతో పైకి లేస్తాయి, అమ్మ మళ్లీ బెదిరిపోకుండా.